కీబోర్డు ముందు, కుర్చీ తర్వాత

కుడి మోచేతికి కాస్త కింద ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి వేళ్లను టైప్ చేస్తున్నట్టు ఆడించి చూడండి. చర్మం కింద కండరాల కదలిక తెలుస్తుంది. వేళ్లను గట్టిగా ముడిచే, చాపే కండరాలు ఉండేది వేళ్లలో కాదు, ముంజేతిలో. అక్కడి నుంచి టెండన్లు అనే గట్టి తాళ్లు మణికట్టు దాటుకుని వేళ్లదాకా వెళతాయి.

మణికట్టు దగ్గరే దారి ఇరుకు. అరచేతి వైపు కార్పల్ టన్నెల్ అనే సన్నని సందులోంచి 9 టెండన్లు, వాటిని ఆనుకుని మీడియన్ నరం వెళతాయి. మణికట్టు పైకి విరిచినా, కిందికి వంచినా ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే ఈ నరాన్నే ముందు అనుమానించాలి. రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

అందుకే కంప్యూటర్ ముందు కూర్చునే చోటును నేను సర్దుకోవడం కుర్చీతో కాదు, కీబోర్డుతో మొదలుపెడతాను. భుజాలు వదులుగా వదిలేస్తే మోచేతులు ఎక్కడ ఆగుతాయో, కీబోర్డు ఇంచుమించు ఆ ఎత్తులో ఉండాలి. మామూలు రాత బల్ల 73-75 సెంటీమీటర్లు ఉంటుంది. చాలామందికి అది టైపింగుకు ఎక్కువే. టైప్‌రైటర్ల కాలంలో టైపింగ్ బల్లలను దానికన్నా తక్కువ ఎత్తులో చేసేవారు. బల్లను కోయలేం కాబట్టి కుర్చీ పెంచుకోవాలి. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే కింద చిన్న పీట వేసుకుంటే సరి.

కీబోర్డు అడుగున, వెనకవైపు రెండు మడత కాళ్లు ఉంటాయి. అవి ఉన్నాయి కదా అని లేపుతాం. లేపితే కీబోర్డు వెనకభాగం ఎత్తై, మణికట్టు పైకి విరుగుతుంది. ఈరోజే మడిచేయండి, పైసా ఖర్చు లేదు.

ల్యాప్‌టాప్‌తో చిక్కు వేరు. తెర కంటి ఎత్తుకు తెస్తే కీబోర్డు గాల్లో ఉంటుంది, కీబోర్డు మోచేతి ఎత్తుకు దించితే మెడ వంగుతుంది. రోజంతా పనిచేసేవాళ్లకు విడి కీబోర్డు తప్పదు.

ఇన్ని కుదిరినా అలాగే కదలకుండా కూర్చోకూడదు. పెద్దవాళ్ల వెన్నుపూసల మధ్య డిస్కుల్లోకి రక్తనాళాలు దాదాపు వెళ్లవు, పోషకాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా ఊరాల్సిందే, భంగిమ మారుతుంటే అందుకు సాయం. కండరాలకూ ఒకే భంగిమ అలసటే. కాసేపు వెనక్కి వాలండి, కాసేపు ముందుకు జరగండి, ఫోన్ వస్తే లేచి మాట్లాడండి.