స్కేట్‌బోర్డు దిగి కెమెరా పట్టుకుంటే: కొన్ని అపోహలు - వాస్తవాలు

పదేళ్లు స్కేట్‌బోర్డు మీదే తిరిగాను. ఇప్పుడు హైదరాబాద్, సికింద్రాబాద్ వీధుల్లో ఫోటోలు తీస్తున్నాను, చిన్న డాక్యుమెంటరీలు చేస్తున్నాను. ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి నేర్చుకోవడానికి వచ్చే పిల్లల దాకా అందరూ అవే మాటలు అంటుంటారు. వాటికే ఈ జవాబులు.

అపోహ: స్కేటింగ్‌లో ఎదగలేనివాళ్లే కెమెరా పట్టుకుంటారు.

కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో ఉండే ఎడ్ టెంపుల్‌టన్ పేరున్న ప్రొఫెషనల్ స్కేటర్. 1993లో టాయ్ మెషీన్ అనే బోర్డుల కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది నుంచే తోటి స్కేటర్లను, తర్వాత తన ఊరి బీచ్‌లో జనాన్ని ఫిల్మ్ కెమెరాతో తీస్తూ వచ్చాడు. కెమెరా కోసం ఆయన బోర్డును వదల్లేదు. అసలు మా ఆటలో కెమెరా ఎప్పుడూ ఉంటుంది. ట్రిక్ కుదిరిందంటే వీడియోలో కనిపించాలి. అందుకే ప్రతి గుంపులోనూ ఒకరు కెమెరా మోస్తారు. మా గుంపులో ఆ పని నాది.

అపోహ: మంచి వీధి ఫోటో పడటం అదృష్టం.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. స్కేటర్ మెట్లు కనిపించగానే దూకేయడు. రాయి నున్నగా ఉందా, వేగం అందుకోవడానికి చోటుందా, వాచ్‌మన్ టీకి ఎప్పుడు వెళ్తాడు, ఇవన్నీ చూసుకుంటాడు. ఆ తర్వాత బోర్డును కాలితో గాల్లో తిప్పే ఒక్క కిక్‌ఫ్లిప్ కోసం యాభైసార్లు పడతాడు. వీధిలో నేను చేసేదీ అంతే.

మోండా మార్కెట్‌లో కరివేపాకు అమ్మే ఒకామె ఉంది. పొద్దున ఏడు దాటాక టార్పాలిన్ చిరుగులోంచి చెయ్యంత వెడల్పున ఎండ ఆమె గోనెపట్టా మీద పడుతుంది, పది నిమిషాల్లో పక్కకు జరిగిపోతుంది. ఆ పది నిమిషాల్లోనే ఆమె కట్టల మీద నీళ్లు చిలకరించాలి. మూడో రోజు ఆమే అడిగింది: "ఏం బిడ్డా, రోజూ ఈడనే నిలబడుతున్నవ్, ఏమన్న పోయిందా?" విషయం చెప్పాను. "అట్లనా" అని నవ్వి తన పనిలో పడిపోయింది. ఐదో రోజు నీటి చుక్కలు ఎండలోకి లేచాయి, ఒకటి ఆమె కనురెప్ప మీద ఆగింది.

ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1950ల్లో అమెరికా అంతా తిరిగి వేల ఫ్రేములు తీశాడు. 'ది అమెరికన్స్' పుస్తకంలో ఉంచినవి 83.

అపోహ: వీధి ఫోటోలకు దూరం నుంచి తీసే పెద్ద జూమ్ లెన్స్ కావాలి.

స్కేట్ వీడియోలు తీసేవాళ్లు 1995లో వచ్చిన సోనీ వీఎక్స్1000 వీడియో కెమెరాకు ఫిష్‌ఐ (చాలా వెడల్పుగా చూపించే లెన్స్) బిగించి, పై హ్యాండిల్ పట్టుకుని కెమెరాను నేలకు జానెడు ఎత్తులోకి దించి, తామూ బోర్డు మీద పక్కనే సాగుతూ తీసేవాళ్లు. ఫిష్‌ఐతో కాస్త దూరం జరిగినా ట్రిక్ చీమంత అయిపోతుంది. దగ్గరికి పోవాల్సిందే. నా ఫిష్‌ఐ అద్దం మీద బోర్డు మొన తగిలిన గాటు ఇప్పటికీ ఉంది.

వీధికి 28 ఎంఎం వైడ్ లెన్స్ చాలు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టి, ఫోకస్ రెండున్నర మీటర్ల దగ్గర ఆపేస్తే దాదాపు ఒకటిన్నర నుంచి పది మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఆటోఫోకస్ టెన్షన్ ఉండదు.

అపోహ: స్కేట్ వీడియోలు తీసేవాళ్లకు కథ చెప్పడం రాదు.

సినిమా దర్శకుడు స్పైక్ జోన్జ్ మొదలైంది స్కేట్ ఫోటోలు, వీడియోలతోనే. 2014లో ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్నాడు. బింగ్ లియు అమెరికాలోని రాక్‌ఫర్డ్‌లో తన స్కేటింగ్ స్నేహితులను ఏళ్ల తరబడి తీస్తూ, వాళ్ల ఇళ్లలో, తన ఇంట్లో జరిగిన హింస గురించి అడిగాడు. ఆ డాక్యుమెంటరీ 2019లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఒకప్పుడు ట్రిక్ కుదరగానే నేను కెమెరా ఆపేసేవాడిని. ఇప్పుడు ఆపను. మోకాలు రుద్దుకుంటూ గట్టు మీద కూర్చున్నప్పుడే కుర్రాళ్లు మనసులో మాట చెబుతారు.

  

అపోహ: రోడ్డు మీద ఎవరినైనా తీయొచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు.

అన్నిచోట్లా అలా కుదరదు. చార్మినార్, గోల్కొండ లాంటి ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మనుషుల విషయంలో నాకు చట్టం ఒక్కటే సరిపోదు. వద్దని చెయ్యి ఊపితే వాళ్ల ఎదురుగానే డిలీట్ చేస్తాను. పసిపిల్లల్ని, తాగి పడిపోయినవాళ్లను తీయను. తీసినది బాగా వస్తే 4x6 ప్రింటు తీసుకెళ్లి ఇస్తాను. కరివేపాకు ఆమె తన ప్రింటును కొంగుతో తుడిచి డబ్బుల డబ్బాలో పెట్టుకుంది. ఇప్పుడు పక్కన నిమ్మకాయలమ్మే ఆవిడ కూడా తనది ఎప్పుడు తీస్తావని అడుగుతోంది.