హిమోగ్లోబిన్ సరిపోయినా ఐరన్ లోపం ఎందుకు దాగిపోతుంది? పరీక్షలు వచ్చిన వరుస

రిపోర్టులో హిమోగ్లోబిన్ (డెసిలీటరుకు గ్రాముల్లో) 12.3 అని కనబడగానే "రక్తం బాగానే ఉంది" అనేస్తారు. అదే మనిషికి ఫెరిటిన్ (ఐరన్‌ను దాచిపెట్టే ప్రొటీన్, లీటరుకు మైక్రోగ్రాముల్లో) చేయిస్తే 8 రావచ్చు. రెండు అంకెలూ నిజమే. మొదటిది ఒంట్లో పనిలో ఉన్న ఐరన్ గురించి చెబుతుంది, రెండోది నిల్వలో మిగిలినదాని గురించి. ఐరన్ చాలనప్పుడు శరీరం ముందు నిల్వను వాడేసుకుంటుంది. అది అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. అంటే ఐరన్ లోపంలో రక్తహీనత చివరి మెట్టు. అయినా మొదటి పరీక్ష, చాలాసార్లు ఒకే ఒక్క పరీక్ష, హిమోగ్లోబినే అవుతోంది. ఎందుకంటే దాన్ని కొలిచే సాధనాలు ఎంతో ముందు వచ్చాయి. నిల్వను సులువుగా కొలిచే దారి 1972 దాకా దొరకలేదు.

రక్తంలో ఇనుము ఉందన్న సంగతి పాతదే. 1740ల్లో బొలోనాలో విన్‌చెంజో మెంగీని రక్తాన్ని ఎండబెట్టి, కాల్చి, ఆ పొడి అయస్కాంతానికి అంటుకోవడం చూపించాడు. పాలిపోయిన యువతులకు ఐరన్ మాత్రలు ఇవ్వడం 1832లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ బ్లో ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటికి రక్తాన్ని కొలిచే పద్ధతే లేదు, ముఖం రంగు చూసి మందిచ్చేవారు.

కొలత కూడా రంగుతోనే మొదలైంది. కనిపెట్టినవారి పేర్లతోనే 1878లో గవర్స్ సాధనం, 1900లో టాల్‌క్విస్ట్ అద్దుడు కాగితం, 1902లో సాలీ గొట్టం వచ్చాయి. వీటిలో సాలీ పద్ధతి దశాబ్దాల పాటు నిలిచింది. గొట్టంలో అడుగు గీత దాకా పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తారు. సన్నటి పిపెట్‌తో సరిగ్గా 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చి, పిపెట్ బయట అంటినది తుడిచి, ఆమ్లంలోకి వదులుతారు. పది నిమిషాలకు అది గోధుమరంగులోకి తిరుగుతుంది. పక్కన ఉన్న రంగు గాజుతో కలిసేదాకా చుక్క చుక్కగా నీళ్లు కలిపి, మట్టం ఏ గీత దగ్గర ఆగిందో చదువుతారు. తొందరపడి మూడు నిమిషాలకే చదివితే రంగు పూర్తిగా రాక అంకె తక్కువ వస్తుంది. గాజు పాతబడి వెలిసిపోతే మరిన్ని నీళ్లు పోస్తేగాని రంగు కలవదు కాబట్టి అంకె ఎక్కువ వస్తుంది. ఎంత అలవాటున్న చేతికైనా పదో వంతు తేడా మామూలే. రక్తహీనత హద్దు 12 దగ్గర ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

1930ల్లో డ్రాబ్‌కిన్ ఈ కంటి లెక్కకు ముగింపు పలికే ద్రావణాన్ని తెచ్చాడు. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 540 నానోమీటర్ల కాంతిలో చదువుతారు. 1960ల్లో దీన్నే అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకున్నారు. రక్తంలో కొవ్వు బాగా పేరుకున్నా, తెల్లకణాలు విపరీతంగా ఉన్నా ద్రావణం మసకబారి అంకె పైకి పోతుంది. ఇది ఇప్పటికీ యంత్రాలను తప్పుదారి పట్టించే కారణమే.

రక్తదానానికి ముందు వాడే కాపర్ సల్ఫేట్ పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. 1.053 సాంద్రత ఉన్న నీలి ద్రావణంలోకి సెంటీమీటరు ఎత్తు నుంచి ఒక చుక్క వదలాలి. 15 సెకన్లలోపు మునిగితే హిమోగ్లోబిన్ 12.5కు తగ్గలేదని లెక్క. చుక్కలో గాలి బుడగ చేరితే ఆరోగ్యవంతుడి రక్తమూ తేలుతుంది. ప్లాస్మాలో ప్రొటీన్లు మరీ ఎక్కువైతే పలుచని రక్తమూ మునుగుతుంది. పైగా ఈ చుక్కకు నిల్వ సంగతి తెలియదు. ఒక్కసారి రక్తమిస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. పదే పదే ఇచ్చే స్త్రీలలో నిల్వ నిండుకున్నా చుక్క మునుగుతూనే ఉంటుంది.

తర్వాతి అడుగు కణాల సైజు. 1929లో విన్‌ట్రోబ్ తన గొట్టంతో ఎర్రకణాల పరిమాణాన్ని లెక్కకట్టే దారి చూపాడు. 1953లో వాలెస్ కౌల్టర్‌కు పేటెంట్ వచ్చిన యంత్రంతో ఆ లెక్క నిమిషాల పని అయింది. సీబీసీ (రక్తకణాల పూర్తి లెక్క) రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 80 కంటే తగ్గితే కణాలు చిన్నవని అర్థం. ఇక్కడే ఎక్కువగా పొరపడతారు. చిన్న కణాలన్నీ ఐరన్ లోపం కాదు, తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) వాహకుల్లోనూ అలాగే ఉంటాయి. 1973లో మెంట్జర్ సూచించిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించి 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు అనుమానించాలి. అనుమానానికే తప్ప నిర్ధారణకు ఇది చాలదు. బి12 లోపం కూడా తోడైతే పెద్ద కణాలు, చిన్న కణాలు కలిసి సగటు మామూలుగా కనిపిస్తుంది. పైగా ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి నిన్న మొదలైన లోపం ఇవాళ్టి ఎంసీవీలో కనిపించదు.

నిల్వను నేరుగా చూడాలంటే చాలాకాలం ఎముక మజ్జే దిక్కు. తుంటి ఎముకలోకి సూది దించి తీసిన మజ్జకు ప్రష్యన్ బ్లూ రంగు వేస్తే ఐరన్ నీలంగా కనబడుతుంది. నమ్మదగ్గదే కానీ, నీరసంగా ఉందని వచ్చిన ప్రతి మనిషికీ చేసేది కాదు. సీరం ఐరన్ పరీక్ష తేలికే అయినా అంకె నిలకడగా ఉండదు. రోజులో వేళను బట్టి మారుతుంది, ఉదయం మాత్ర వేసుకుని వెళ్తే పెరుగుతుంది. అందుకే దాన్ని ఒంటరిగా చూడకుండా, రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ట్రాన్స్‌ఫెరిన్ ఎంత శాతం నిండిందో లెక్కకట్టడం వచ్చింది. 16 శాతం లోపు ఉంటే కణాల తయారీకి ఐరన్ చాలడం లేదని అర్థం.

ఫెరిటిన్‌ను 1937లో లౌఫ్‌బెర్గర్ గుర్రం ప్లీహం నుంచి వేరుచేశాడు. అది కణాల లోపల ఉండే ప్రొటీన్ అనే చాలాకాలం అనుకున్నారు. రక్తంలోనూ కాస్త తిరుగుతుందని, అది నిల్వకు తగ్గట్టే ఉంటుందని 1972లో కార్డిఫ్ పరిశోధకులు చూపాక దారి మారింది. లీటరుకు 1 మైక్రోగ్రాము ఫెరిటిన్ అంటే సుమారు 8 మిల్లీగ్రాముల నిల్వ. మజ్జలోకి సూది దించి తెలుసుకున్నది చేతి రక్తంతోనే తెలిసింది.

దీనికీ ఒక చిక్కుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌గానీ వాపుగానీ ఉంటే ఐరన్‌తో సంబంధం లేకుండా ఫెరిటిన్ పెరుగుతుంది. అందుకే 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు హద్దు 15గా, ఇన్‌ఫెక్షన్ లేదా వాపు ఉంటే 70గా పెట్టింది. అదే ఏడాది అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం రక్తహీనత ఉన్నవారిలో 45ను సూచించింది. చాలా ల్యాబ్‌లు అచ్చువేసే "నార్మల్" పరిధి మాత్రం సాధారణ జనం నుంచి తీసినది. ఆ జనంలో లోపమున్న స్త్రీలు ఎందరో ఉంటారు కాబట్టి కింది హద్దు కూడా కిందికి జారిపోయింది. ఫెరిటిన్ 14 ఉన్న మనిషికి ఎర్ర గుర్తు లేని రిపోర్టు చేతికి రావడం అన్యాయం. హిమోగ్లోబిన్ హద్దులదీ దాదాపు ఇదే దారి: 1968లో కొద్దిపాటి అధ్యయనాల మీద నిర్ణయించిన 13 (పురుషులకు), 12 (స్త్రీలకు), 11 (గర్భిణులకు, చిన్నపిల్లలకు) అంకెలే దశాబ్దాలు నడిచాయి. 2024లో వాటిని తిరగరాసినప్పుడు 6 నుంచి 23 నెలల పిల్లలకు 10.5 అయింది.

శాంపిల్ దగ్గర పోయేది తర్వాత యంత్రం సరిచేయలేదు. వేలిని పిండితే కణజాలంలోని ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తగ్గుతుంది. చేతికి పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచితే పెరుగుతుంది. ఒకే సూదితో రెండు ట్యూబులు నింపేటప్పుడు సీరం ట్యూబు ముందు, ఊదా మూత ట్యూబు తర్వాత. ఊదా ట్యూబులోని ఈడీటీఏ ఐరన్‌ను పట్టేస్తుంది, అందులోంచి సీరం ఐరన్ చేయకూడదు. ఆ ట్యూబును వెంటనే ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిప్పకపోతే చిన్న గడ్డలు కట్టి సీబీసీ పాడవుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారికి కొన్ని యంత్రాల్లో ఫెరిటిన్ తప్పుగా తక్కువ వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పాలి.

పాత వరుస చికిత్సలోనూ వదలదు. మాత్రలు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ 2 గ్రాముల దాకా పెరిగి, కొన్నాళ్లకు 12 దాటుతుంది. అక్కడితో మందు ఆపేస్తారు. నిల్వ నిండాలంటే ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వాడాలి. ఆపే ముందు చూడాల్సిన అంకె ఫెరిటిన్.