నలుపు-తెలుపు ఫోటో ప్రింటింగ్: డ్రైవర్ గురించి అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో మా స్టూడియోకి చుట్టుపక్కల వాళ్లే కాదు, పాతపట్నం నుంచి కూడా పాత ఫోటోలు పట్టుకొస్తారు. తాతగారి పెళ్లి ఫోటో, చెదలు కొట్టేసిన గ్రూప్ ఫోటో, ఇలాంటివి బాగుచేసి పెద్దవి చేసి ఇవ్వడమే ఇప్పుడు నా పనిలో సగం. ఏ ప్రింటర్ కొనాలని అందరూ అడుగుతారు గానీ, డ్రైవర్ సంగతి, అంటే ఏ ఇంకు ఎంత వేయాలో ప్రింటర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్ సంగతి, ఎవరూ అడగరు. నలుపు-తెలుపులో తేడా అంతా అక్కడే వస్తుంది.

అపోహ: డ్రైవర్‌లో గ్రేస్కేల్ (నలుపు-తెలుపు) టిక్ పెడితే నల్ల ఇంకు ఒక్కటే పడుతుంది.

ఫోటో పేపర్ ఎంచుకున్నప్పుడు చాలా డ్రైవర్లు బూడిద రంగుని సయాన్ (ఆకాశనీలం), మెజెంటా (ముదురు గులాబి), పసుపు కలిపే తయారుచేస్తాయి. దానికి కారణం ఉంది. నల్ల చుక్కలే వాడితే నుదురు, తెల్ల పంచె లాంటి లేత చోట్ల ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. రంగులు కలిపితే నునుపుగా వస్తుంది, కానీ ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ఆ ఛాయ మొహం మీద తేలిపోతుంది. ఒక పెద్దాయనకి వాళ్లమ్మగారి ఫోటో ఇలాగే తీసిచ్చాను, షాపులో లైటు కింద ఇద్దరం చూసి బాగుందనుకున్నాం. ఆయన గుమ్మం దాటి ఎండలోకి వెళ్లి ఆగిపోయారు. “బాబూ, అమ్మ మొహం ఆకుపచ్చగా ఉందేమిటి?” నిజమే, చెంప మీద నీడ పడే చోట పసరు రంగు. లోపలికి తెస్తే మళ్లీ మామూలే! వెలుతురు మారితే ఛాయ మారే ఈ గుణాన్నే మా పనిలో మెటామెరిజం అంటారు.

అపోహ: ఆరు ఇంకుల ప్రింటర్ ఉంటే చాలు.

ఆ ఆరింటిలో ఏమున్నాయో చూడండి. మామూలుగా నలుపు, సయాన్, మెజెంటా, పసుపు, మిగతా రెండూ లేత సయాన్, లేత మెజెంటా. బూడిద ఇంకు ఒక్కటీ లేదు. ఎప్సన్ 2005లో ఆర్2400 లాంటి ప్రింటర్లలో మూడు రకాల నలుపులు (నలుపు, లేత నలుపు, ఇంకా లేత నలుపు) ఇచ్చింది, ఆ లేతవే బూడిద ఇంకులు; వాటి డ్రైవర్‌లో ‘అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్’ అని వేరే మోడ్ ఉంటుంది. అందులో పనంతా దాదాపు నలుపులే చేస్తాయి, టోన్ కోసం రంగులు కొద్దిగా కలుస్తాయి, అందుకే ఎండలోకి తీసుకెళ్లినా ఛాయ అంతగా మారదు.

అపోహ: 5760 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంటే ఫోటోలో అంత వివరం.

కాదు, అది చుక్కని ఎంత దగ్గరగా పెట్టగలదన్న లెక్క. ఫోటోకి అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు.

అపోహ: ఉచిత డ్రైవర్లు ఫోటోలకి పనికిరావు.

గుటెన్‌ప్రింట్ అనే ఉచిత డ్రైవర్ ఒకసారి వాడి చూడండి, లైనక్స్, మ్యాక్‌లలో నడుస్తుంది. గ్రేస్కేల్‌లో నిజంగా నల్ల ఇంకుతోనే తీయించవచ్చు, డెన్సిటీ (ఇంకు ఎంత చిక్కగా పడాలి), గామా (మధ్య ఛాయలు ఎంత లేతగా ఉండాలి) మన చేతిలో ఉంటాయి, చుక్కలు పేర్చే పద్ధతి కూడా మనమే ఎంచుకోవచ్చు. కుదురుకోవడానికి నాలుగైదు కాగితాలు పోతాయి, అయినా నాకు నచ్చింది. కొన్ని ఎప్సన్ మోడళ్లకి క్వాడ్‌టోన్‌రిప్ అని ఇంకోటుంది, అది పూర్తి ఉచితం కాదు, వాడి చూసి నచ్చితే డబ్బు కట్టాలి; అందులో ఒక్కో ఇంకు ఎంత పడాలో విడివిడిగా చెప్పవచ్చు.

రెండు డ్రైవర్లని పోల్చాలంటే ముందు నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అన్న పరీక్ష) చేయండి, లేత మెజెంటా ఒక్కటి మూసుకుపోయినా ఆకుపచ్చ వచ్చేస్తుంది, తప్పు డ్రైవర్ మీద వేస్తాం. రంగుల సర్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో గానీ డ్రైవర్‌లో గానీ ఒక్కచోటే ఉంచండి, రెండుచోట్లా ఉంటే ఫోటో పాడైపోతుంది. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీని రెండు డ్రైవర్లతోనూ ఒకే రకం కాగితం మీద, అవే ఇంకులతో తీసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న వీధి అరుగు మీద ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. ముదురు మెట్లు కలిసిపోయాయా, మధ్యలో ఎక్కడైనా రంగు తగిలిందా అన్నది కంటికే తెలుస్తుంది.

ఆ పెద్దాయనకి చివరికి మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద గుటెన్‌ప్రింట్‌తో, నల్ల ఇంకుతోనే తీసిచ్చాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుంటే చుక్కలు కనిపిస్తాయి, గోడకి తగిలిస్తే కనిపించవు. ఈసారి ఎండలోకి ఆయనతో పాటు నేనూ వెళ్లాను.