గార్డు పెట్టె ఉన్న గూడ్సు బండి

మలక్‌పేటలో ఉండే మా బావగారు పోయిన వారం వాట్సాప్‌లో బయాప్సీ రిపోర్టు పెట్టి, వెంటనే ఫోన్ చేశారు. "ఏమోయ్, మైల్డ్ డిస్‌ప్లేసియా అని రాశారు. మైల్డ్ అంటే ఏం లేనట్టేగా?" బుగ్గ లోపల తెల్లమచ్చ, ఇరవయ్యేళ్ల జర్దా పాన్. మచ్చ కనిపించి ఏడాదయింది, ఇన్నాళ్లూ వేడి చేసిందనుకుని బీకాంప్లెక్స్ మింగుతూ కూర్చున్నారు. ముక్క కోస్తే క్యాన్సర్ పాకుతుందని ఎవరో భయపెడితే, అక్క బతిమాలాక గానీ బయాప్సీకి వెళ్లలేదు. ఈ కత్తి భయం బాగా చదువుకున్నవాళ్లలో కూడా చూస్తుంటాను, పరీక్ష ఆలస్యం కావడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పొగాకు సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నా ఆసక్తి అంతా ఆ "మైల్డ్" మీదే. కణాల ఆకారం, వరస చెదరడాన్నే డిస్‌ప్లేసియా అంటారు, ఎంత చెదిరాయో మైక్రోస్కోప్‌లో చూసి మైల్డ్, మోడరేట్, సివియర్ అంటారు. ఒకే స్లైడ్‌కి ఇద్దరు పాథాలజిస్టులు రెండు పేర్లు పెట్టడం అరుదేమీ కాదు. పైగా ఒక మైల్డ్ మచ్చ జన్మంతా అలాగే ఉంటుంది, ఇంకోటి కొన్నేళ్లలో క్యాన్సర్ అవుతుంది, చూడటానికి మాత్రం రెండూ ఒకటే.

అందుకే డీఎన్ఏ దగ్గరికి వెళ్లాలి. చిన్నప్పుడు రైల్వే గేటు దగ్గర ఆగి గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం కదా, అదే పని. దాదాపు ప్రతి కణంలో తొమ్మిదో క్రోమోజోమ్ రెండు ప్రతులుంటాయి, అమ్మదొకటి, నాన్నదొకటి. దాని పొట్టి చేతిలో, అంటే పొట్టిగా ఉండే వైపున, 9పి21 అనే చోట సీడీకేఎన్2ఎ జీన్ ఉంది. అది తయారుచేసే పి16 ప్రోటీన్ సీడీకే4, సీడీకే6 ఎంజైములను అడ్డుకుని, కణం ఇష్టమొచ్చినట్టు విభజన చెందకుండా చూస్తుంది. దాన్ని గార్డు అనుకోండి. ఆ జీన్ పక్కనే సీఏసీఏసీఏ అంటూ ఒకే డీఎన్ఏ అక్షరాలు వరసగా తిరిగొచ్చే చోట్లున్నాయి, వాటిని మైక్రోశాటిలైట్లు అంటారు. అమ్మ ప్రతిలో సీఏ 14 సార్లు, నాన్న ప్రతిలో 19 సార్లు ఉండొచ్చు. అంటే పద్నాలుగు పెట్టెల బండి ఒకటి, పంతొమ్మిది పెట్టెల బండి ఒకటి, రెండింటి చివరా గార్డు పెట్టె. గేటు దగ్గర నిలబడితే గార్డు మొహం కనిపించదు, పెట్టెలు మాత్రం లెక్కకొస్తాయి. రక్తంలో చూస్తే గ్రాఫ్ మీద రెండు శిఖరాలు వస్తాయి. మచ్చలోని కణాల్లో 14 ఒక్కటే వచ్చిందంటే 19 పెట్టెల బండి పోయింది, దాంతోపాటు దాని గార్డూ పోయాడు. లాస్ ఆఫ్ హెటిరోజైగాసిటీ అంటే ఇదే. హెటిరోజైగస్ అన్న మాటని బఠానీ గింజలతో బట్టీ పట్టించే బదులు ఇలా చెబితే ఇంటర్ పిల్లలు జన్మలో మర్చిపోరు.

చిక్కులూ ఉన్నాయి. కొందరికి రెండు బండ్లూ పద్నాలుగు పెట్టెలవే, ఒకటి పోయినా తెలియదు, అప్పుడు ఇంకో మైక్రోశాటిలైట్ వెతుక్కోవాలి. ముక్కలో మామూలు కణాలు కలిసిపోతే శిఖరం పూర్తిగా మాయం కాదు, కుంగుతుంది. ఒక్కోసారి కణం మిగిలిన బండికే నకలు తీసి ఖాళీ పట్టా నింపేస్తుంది. అప్పుడు బండ్లు రెండే, కానీ రెండూ పద్నాలుగు పెట్టెలవే, మిగిలిన గార్డు నిద్రపోతుంటే, అంటే ఆ జీన్ ముందే పాడైపోయి ఉంటే, నకలు గార్డూ నిద్రలోనే ఉంటాడు. రెండు ప్రతులూ పనికిరాకుండా పోతేనే ప్రమాదమన్న ఈ లెక్కని అమెరికా శాస్త్రవేత్త క్నుడ్సన్ 1971లో పిల్లల కంటి క్యాన్సర్ మీద వేశాడు.

ఇలా తిరిగొచ్చే అక్షరాలే తండ్రెవరో తేల్చే కేసుల్లోనూ పనికొస్తాయి. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అంటే మన హైదరాబాద్ సీసీఎంబీ, అక్కడ ఆ పద్ధతి మీద పనిచేసిన శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గుర్తుకు రాకుండా ఉంటారా?

1996లో అమెరికాలో తెల్లమచ్చలున్న 37 మందిని గమనిస్తే 9పి21, మూడో క్రోమోజోమ్ మీది 3పి14ల్లో ఏదో ఒకచోట బండి పోయినవారు 19 మంది, వారిలో ఏడుగురికి క్యాన్సర్ వచ్చింది. బండి పోని 18 మందిలో ఒక్కరికే. తర్వాత కెనడావాళ్లు పదిహేడో, నాలుగో క్రోమోజోముల మీది 17పి, 4క్యూ కూడా కలిపి 2012లో ప్రమాదాన్ని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు తరగతులు చేశారు. ఐదేళ్లలో క్యాన్సర్‌కి మారినవి వరసగా సుమారు 3, 16, 63 శాతం. ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకి ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర ఇచ్చి ఆపగలమేమో చూశారు, 2016లో ఫలితం వచ్చింది. మాత్ర ఆపలేదు. బండి పోయినవాళ్లకే క్యాన్సర్ ఎక్కువ వస్తుందన్న లెక్క మాత్రం నిలబడింది.

ఇదంతా బావగారికి చెప్పి, ఈ టెస్టు ఇంకా మామూలుగా రాసేది కాదు, కానీ ఆ ముక్కని మైనపు బ్లాక్‌లో దాస్తారు, అందులోంచి తర్వాతైనా డీఎన్ఏ తీయొచ్చు, బ్లాక్ పారేయకుండా జాగ్రత్త చేయమని అడగండి, మచ్చ తీసేసినా పక్కన బాగున్నట్టు కనిపించే చోట కూడా బండ్లు పోయి ఉండొచ్చు కాబట్టి చూపించుకోవడం మానొద్దు అన్నాను.

"పాన్ మానేశారా మరి?"

"జర్దా మానేశానోయ్. ఇప్పుడు ఒట్టి వక్కే."

పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లోనే అచ్చేసింది. ఫోన్ అక్కకివ్వమన్నాను.