గైడ్‌తో తేడా వస్తే పక్కన కూర్చునేదెవరు?

యూనివర్సిటీలో ఆల్రెడీ స్టూడెంట్ యూనియన్ ఉంది కదా, మళ్లీ పీజీ వాళ్లకి, పీహెచ్‌డీ వాళ్లకి వేరే సంఘం, గొడవొస్తే పక్కన నిలబడే వేరే ఆఫీసు ఎందుకండీ అని అడుగుతుంటారు చాలామంది. నేనూ పీజీలో చేరకముందు అలాగే అనుకునేవాణ్ణి. దీని సంగతి తేలాలంటే కాస్త వెనక్కి, అంటే ఏకంగా 12వ శతాబ్దం దాకా పోవాలి.

ఇటలీలో బొలోనియా. అక్కడికి లా చదవడానికి వచ్చినవాళ్లు చిన్నపిల్లలేం కాదు, చాలామంది ఇరవై దాటినవాళ్లు, అప్పటికే ఏదో కొంత చదువుకుని వచ్చినవాళ్లు, పైగా ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చారు కాబట్టి ఊరివాళ్లకి ఉండే హక్కులు వీళ్లకి లేవు, ఏదైనా గొడవ జరిగితే అడిగే దిక్కు లేదు. అందుకని గుంపు కట్టారు. ఆ గుంపుకి లాటిన్‌లో పేరు యూనివర్సిటాస్. అంటే యూనివర్సిటీ అనే మాట మొదట్లో బిల్డింగులది కాదు, సంఘానిది, అదీ ఇప్పటి లెక్కలో చూస్తే పీజీ వయసు వాళ్ల సంఘానిది! రెక్టర్‌ని, అంటే ఆ సంఘం పెద్దని, స్టూడెంట్సే ఎన్నుకునేవాళ్లు, పంతులుగారు క్లాసుకి లేటైతే ఫైను, సెలవు కావాలంటే స్టూడెంట్స్ దగ్గర పర్మిషన్ తీసుకోవాలి. (సంతకం కోసం గైడ్, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్, రూమ్ బయట గంటలు గంటలు నిలబడ్డవాళ్లు ఇది ఇంకోసారి చదువుకోండి.) ఇంత పట్టు ఎలా వచ్చిందంటే ఫీజు వీళ్ల చేతి నుంచి నేరుగా పంతుళ్లకి వెళ్లేది. తర్వాత తర్వాత నగర పాలకులే పంతుళ్లకి జీతాలివ్వడం మొదలుపెట్టారు, ఆ పట్టూ జారిపోయింది. డబ్బు ఎవరిదైతే మాట వాళ్లది, ఈ సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

పారిస్‌లో దీనికి రివర్సు, అక్కడ సంఘం మాస్టర్లది. ఎక్కువ యూనివర్సిటీలు ఆ దారినే పోయాయి.

ఇప్పుడు మనకి తెలిసిన రీసెర్చ్ డిగ్రీ మాత్రం చాలా లేటుగా వచ్చింది. 1810లో బెర్లిన్ యూనివర్సిటీ మొదలయ్యాక పాఠం చెప్పడం, పరిశోధన చెయ్యడం రెండూ ఒకే చోట ఉండాలనే పద్ధతి గట్టిపడింది, అమెరికాలో యేల్ 1861లో పీహెచ్‌డీలు ఇచ్చింది, ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ 1917 దాకా ఆ డిగ్రీ జోలికే పోలేదు. జర్మన్‌లో గైడ్‌ని డాక్టర్‌ఫాటర్ అంటారు, అంటే డాక్టరేట్ తండ్రి అన్నమాట. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. డిగ్రీ స్టూడెంట్‌కి ఒక లెక్చరర్‌తో పడకపోతే ఇంకో నలుగురుంటారు, పీహెచ్‌డీ వాడికి ఉన్నది ఒక్కడే, టాపిక్ ఆయనదే, ల్యాబ్ ఆయనదే, రేపు ఉద్యోగానికి రికమెండేషన్ లెటర్ కూడా ఆయనే రాయాలి. ఇంట్లో పెద్దాయన మీద ఎవరికి చెప్పుకుంటాం?

స్టూడెంట్ ప్రతినిధుల వ్యవస్థ పెరిగిందేమో వేరే దారిలో. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 1884లో స్టూడెంట్స్ రిప్రజెంటేటివ్ కౌన్సిల్ వచ్చింది, 1889 చట్టంతో స్కాట్లండ్ యూనివర్సిటీలన్నిట్లో అలాంటి కౌన్సిళ్లకి గుర్తింపు దొరికింది. బాగుంది, కానీ ఓట్లు ఎక్కువ ఉండేది డిగ్రీ వాళ్లవి, కాబట్టి ఎజెండా కూడా వాళ్లదే. కేంబ్రిడ్జిలో పీజీ వాళ్లు 1955లో విడిగా గ్రాడ్యుయేట్ యూనియన్ పెట్టుకున్నది అందుకేననిపిస్తుంది నాకు. అది 2020లో మెయిన్ యూనియన్‌తో కలిసి ఒకే సంఘమైంది, అయితే పీజీలకి వేరే ప్రెసిడెంట్ పోస్టు మాత్రం ఉంచారు.

మన దేశంలో స్టూడెంట్ ఎలక్షన్లకి లింగ్డో కమిటీ 2006లో రూల్స్ పెట్టింది కదా, రీసెర్చ్ స్కాలర్ పోటీ చెయ్యాలంటే 28 ఏళ్లు దాటకూడదు, 75 శాతం అటెండెన్స్ ఉండాలి. నాలుగు నెలలు ఫీల్డ్‌వర్క్‌లో తిరిగొచ్చినవాడికి అటెండెన్స్ ఏ రిజిస్టర్‌లో చూస్తారు? ఆ రూల్ రాసేటప్పుడు కళ్ల ముందు ఉన్నది డిగ్రీ కాలేజీ ఎలక్షనే అని చదివితేనే తెలిసిపోతుంది.

అమెరికా వాళ్లు ఇంకో దారి పట్టారు, మేం స్టూడెంట్సే కాదు, పని చేసేవాళ్లం కూడా అన్నారు. క్లాసులు చెప్పేది మేం, పేపర్లు దిద్దేది మేం అని విస్కాన్సిన్ మాడిసన్‌లో టీచింగ్ అసిస్టెంట్లు 1966లో సంఘం పెట్టి, 1970లో సమ్మె చేసి కాంట్రాక్ట్ సాధించారు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో అయితే పెద్ద తమాషా, అక్కడి లేబర్ బోర్డు 2000లో ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) కేసులో వీళ్లు ఉద్యోగులే అంది, 2004లో బ్రౌన్ కేసులో కాదంది, 2016లో కొలంబియా కేసులో మళ్లీ ఔనంది. మనుషులూ వాళ్లే, పనీ అదే, బోర్డులో సభ్యులు మారినప్పుడల్లా వీళ్లెవరో మారిపోతుంటారు. 2022లో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో దాదాపు 48,000 మంది పని ఆపేశారు, అందులో పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేసేవాళ్లు, కూడా ఉన్నారు.

జీతం గొడవ అందరిదీ కాబట్టి సమ్మెతో తేలుతుంది. గైడ్ గొడవ అలా కాదు, ఒక్కడిదే. రివ్యూ మీటింగ్‌లో టేబుల్‌కి అటు పక్క నలుగురు ప్రొఫెసర్లు, వాళ్లలో ఒకరు గైడే, ఇటు పక్క ఒంటరిగా మనం, ప్రోగ్రెస్ ఎందుకు లేదని అడుగుతారు, ఛాప్టర్ పంపి ఐదు నెలలైంది సార్, మీరింకా చూడలేదు అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ మన పక్కన ఒక మనిషి కావాలి, రూల్ బుక్ తెలిసినవాడు, ఆ డిపార్ట్‌మెంట్ జీతం తిననివాడు. ఇలా పక్కన ఉండి మన తరఫున మాట్లాడటాన్నే అడ్వొకసీ అంటారు. స్వీడన్‌లో డాక్టరేట్ వాళ్ల కోసమే స్టూడెంట్ యూనియన్లు అంబుడ్స్‌మన్‌ని, అంటే ఫిర్యాదులు చూసే మనిషిని, పెట్టుకుంటాయి, ఆస్ట్రేలియాలో పీజీ సంఘాలు కేస్‌వర్కర్లని, అంటే ఒక్కొక్కరి గొడవా దగ్గరుండి చూసే ఉద్యోగుల్ని, పెట్టుకున్నాయి.

మరి ఆ మనిషికి జీతం ఎవరివ్వాలి? బొలోనియా సంగతే మళ్లీ. ఆస్ట్రేలియాలో 2005 చివర్లో చట్టం తెచ్చి సంఘాలకి తప్పనిసరి ఫీజు ఆపేశారు, దాంతో చాలా చోట్ల సర్వీసులు మూతపడ్డాయి, 2011 చట్టంతో ఫీజు వెనక్కొచ్చింది గానీ అది యూనివర్సిటీ చేతికి. అందులో కనీసం 40 శాతం స్టూడెంట్లు నడిపే సంస్థలకి ఇవ్వాలని మళ్లీ చట్టం మార్చడానికి 2024 దాకా పట్టింది. ఎవరి మీద కంప్లైంటో వాళ్ల దగ్గరే జీతం తీసుకుంటే ఆ కేస్‌వర్కర్ ఎంతవరకు గట్టిగా మాట్లాడతాడో చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 చట్టంతో యూనివర్సిటీ బయట ఒక ఫిర్యాదుల ఆఫీసే పెట్టారు. అయితే ముందు యూనివర్సిటీ లోపల అప్పీళ్లన్నీ అయిపోవాలి, అయిపోయాయని యూనివర్సిటీ ఇచ్చే లెటర్ చేతికొచ్చిన 12 నెలల్లోపు అక్కడికి వెళ్లాలి, ఇంకా పెద్ద షరతు ఏంటంటే థీసిస్ బాగుందా లేదా అనేది వాళ్లు ముట్టుకోరు, అది ప్రొఫెసర్ల జడ్జ్‌మెంటు, పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అనేదే చూస్తారు. అందుకే అనుభవమున్న కేస్‌వర్కర్ మొదటి రోజు థీసిస్ అడగడు. ఈమెయిల్స్ అన్నీ తేదీల వారీగా ప్రింట్ తీసి పట్రమ్మంటాడు.