పనిలో గాయపడితే పరిహారం గడువు ఎప్పటి నుంచి? అపోహలు - వాస్తవాలు

గడువు దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చట్టం తెలియనివాళ్లు కాదు. యజమాని మాట నమ్మి ఆగినవాళ్లు. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: "ఆస్పత్రి ఖర్చు కంపెనీయే పెట్టుకుంటోంది. కోలుకున్నాకే గడువు మొదలవుతుంది."

కాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు కమిషనర్ (పరిహారం క్లెయిములు విచారించే అధికారి) ముందు క్లెయిమ్ వేయాలి. కార్మికుడు చనిపోతే, మరణించిన రోజు నుంచి రెండేళ్లు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ రెండేళ్లే. చికిత్స సాగుతున్నా, రాజీ మాటలు నడుస్తున్నా గడువు ఆగదు. "ఇక నాకేమీ రావలసింది లేదు" అని సంతకం పెట్టించుకుంటారు చూడండి, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఆ కాగితం చెల్లదు. కానీ దాన్ని నమ్మి ఊరుకుంటే పోయేది గడువు.

అపోహ: "రాతపూర్వకంగా నోటీసు ఇవ్వలేదు, ఇక కేసు లేదు."

ప్రమాదం సంగతి యజమానికి వేరే విధంగా తెలిసి ఉంటే, నోటీసు లేకపోవడం అడ్డు కాదు. అయితే తెలుసని చూపించే భారం మనదే. సూపర్‌వైజర్‌కి పంపిన వాట్సాప్ మెసేజ్, ఆస్పత్రిలో చేర్చినప్పటి చీటీ పారేయకండి.

అపోహ: "రెండేళ్లు దాటితే అంతే సంగతులు."

తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కి ఉంది. మంచం పట్టి ఉన్నామంటే ఆ కాలానికి వైద్య పత్రాలు చూపాలి. "తెలియలేదండీ" అన్న ఒక్క మాట మీద ఆధారపడమని నేనెవరికీ చెప్పను.

అపోహ: "ఊపిరితిత్తుల జబ్బు నెమ్మదిగా వచ్చింది, ప్రమాదమే లేదు, లెక్క ఎక్కడి నుంచి?"

రాతి ధూళి పీల్చి వచ్చే సిలికోసిస్ వంటివి వృత్తి వ్యాధులు. ఆ జబ్బు వల్ల వరుసగా పనికి రాలేకపోయిన కాలంలో మొదటి రోజునే 1923 చట్టం ప్రమాదం జరిగిన రోజుగా పరిగణిస్తుంది. కాబట్టి ఇక్కడ హాజరు రిజిస్టరే పెద్ద సాక్ష్యం.

అపోహ: "తీర్పు వచ్చాకే యజమాని బాకీపడతాడు."

ప్రమాదం జరిగిన రోజే పరిహారం బాకీ అవుతుందని సుప్రీంకోర్టు 1970లలోనే తేల్చింది. నెలలోపు చెల్లించకపోతే 1923 చట్టం కింద ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే పరిహారంలో సగం వరకు జరిమానా.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) పరిధిలో ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్లు పరిహారం కోసం కమిషనర్ దగ్గరికి కాదు, ఈఎస్‌ఐ కార్యాలయానికే వెళ్లాలి.