కోయకుండా కేఫ్ రేసర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత బైకు తెచ్చి కేఫ్ రేసర్‌గా, అంటే దించిన హ్యాండిల్‌తో పాతకాలపు రేసు బండిలా, మార్చమనే కుర్రాళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, వెనక ఫ్రేము ఎక్కడిదాకా కోద్దాం?" ఇంజిన్ ఎలా ఉందో అప్పటికి ఎవరూ చూసి ఉండరు. వాళ్లకి రోజూ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వెనక కోసి బుడిపె సీటు పెడితే కేఫ్ రేసర్ అయిపోతుంది

ఈ బండ్లు పుట్టింది 1950లు, 60ల నాటి ఇంగ్లండ్‌లో. లండన్‌లో ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరే కుర్రాళ్లకి గంటకు 100 మైళ్లు అందుకోవాలని పట్టుదల. అందుకని మామూలు రోడ్డు బండిలో బరువు తగ్గించారు, హ్యాండిల్ దించారు, ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి జరిపారు. ట్రయంఫ్ ఇంజిన్‌ని నార్టన్ ఫ్రేములో కూర్చోబెట్టి ట్రైటన్ అన్నారు. ఏ మార్పు చేసినా బండి ఇంకా బాగా పరిగెత్తడానికి, తిరగడానికే.

అందుకే మా దగ్గర ముందు బ్రేకులు చూస్తాం. డ్రమ్ము అరిగి కోలగా అయితే లేత్ మీద పెట్టించి, లైనర్లు కొత్తవి వేయిస్తాం. తర్వాత ముందు ఫోర్క్‌లో ఆయిల్ ఆపే సీళ్లు, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు (కోన్ సెట్), వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ బుష్‌లు. ఆ తర్వాతే ఇంజిన్. ఫ్రేము మాత్రం నేను కోయను. సీటు కింద రేకు విడిగా చేయించి, ఉన్న ఫ్రేము మీదే బోల్టులతో బిగిస్తాను. వెనక బెత్తెడు ఎక్కువ కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ పెడితే పికప్ పెరుగుతుంది

అన్నిటికంటే ఎక్కువ ఇంజిన్లు పాడయ్యేది ఇక్కడే. డబ్బా తీస్తే గాలి ఎక్కువ లాగుతుంది, కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం, అంటే జెట్, మార్చకపోతే పెట్రోలు మాత్రం అంతే వస్తుంది. పాత యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ కూడా పెట్రోల్లోనే కలిసి వస్తుంది కదా, కాబట్టి ఆ గాలికి తగ్గట్టు ఆయిలూ అందదు. మే నెల ఎండలో ఇబ్రహీంపట్నం దాకా ఒకే స్పీడులో లాగితే పిస్టన్ పట్టేస్తుంది. అలా పట్టేసిన యెజ్డీ రోడ్‌కింగ్ ఒకటి ట్రాలీ ఆటోలో మా దగ్గరికొచ్చింది. బోరు విప్పితే పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నిలువు గీతలు. గోరు పెట్టి లాగితే గోరు ఆగిపోతోంది, అంత లోతు.

ఫిల్టర్ మార్చాలనే ఉంటే ముందు మెయిన్ జెట్ పెద్దది వేయండి. ఖాళీ రోడ్డు మీద కాసేపు పూర్తి రేస్‌లో నడిపి, క్లచ్ పట్టి తాళం ఆపేసి, అక్కడే ప్లగ్గు విప్పండి. బిస్కెట్ రంగులో ఉంటే సరిపోయినట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంకో మీటరు కూడా అలాగే లాగొద్దు. నల్లగా మసిపట్టి ఉంటే ఎక్కువైంది. జెట్ ఒక్కో సైజే మార్చి మళ్లీ చూడాలి. ఒక పూట పడుతుంది. నన్నడిగితే, ఆ డబ్బా ఉంచేయండి. మన రోడ్ల దుమ్ముకి అదే మంచిది.

అపోహ: రియర్‌సెట్ కిట్ ఏ బండికైనా పడుతుంది

రియర్‌సెట్ అంటే ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి జరిపే సెట్. పాత జావా, యెజ్డీలకి గేర్ రాడ్డే కిక్ రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది. ఫుట్‌రెస్ట్ వెనక్కి జరిపితే కిక్ తిరిగే దారికి అడ్డం రావచ్చు, గేర్‌కి కాలూ అందదు. అలాగని ఫుట్‌రెస్ట్ ఉన్నచోటే ఉంచి క్లిప్ ఆన్ హ్యాండిల్ (ఫోర్క్ గొట్టాలకే బిగించే రెండు ముక్కల హ్యాండిల్) మాత్రం బాగా కిందికి దించితే, ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి మంగళగిరి వెళ్లేసరికి చేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్ బిగించాక రెండు వైపులా చివరిదాకా తిప్పి, టాంకుకీ గ్రిప్పుకీ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉందో లేదో చూడండి. లేకపోతే యూటర్న్ తీసుకునేటప్పుడు వేలు నలుగుతుంది.

అపోహ: సైలెన్సర్ పైపుకి గుడ్డ చుడితే మంచిది

వానలో తడిస్తే ఆ తడి గుడ్డ లోపలే నిలిచి పైపు తుప్పు పడుతుంది.

అపోహ: ఆర్‌సీ ఉంటే చాలు, బండిని ఎలాగైనా మార్చుకోవచ్చు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేసిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఆర్‌సీలో సీటింగ్ ఇద్దరికి అని ఉంటే ఒంటి సీటు కూడా తేడానే, అందుకే సన్నటి పొడవు సీటే వేస్తాను. ఛాసిస్ నంబరు దగ్గర గ్రైండర్ అసలు తగలనివ్వకండి.

2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ చాలామందికి తెలియవు. 50 ఏళ్లు దాటిన బండికి ఆ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, కానీ బండి ఒరిజినల్‌గా ఉండాలి. ఛాసిస్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉంటే రాదు. ఆమధ్య గుంటూరు నుంచి ఓ కుర్రాడు వాళ్ల తాతయ్య కొన్న 1960ల నాటి జావా తెచ్చి, కోయమన్నాడు. ఈ రూలు చెప్పాను, కోయనన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేశాడు. కార్బరేటర్ కడిగి, పాయింట్లు సెట్ చేసి, బ్రేక్ షూలు మార్చాం. టాంకు మీద పాత పెయింటు గీతలు పడి ఉంది, దాన్నీ ముట్టుకోలేదు. నాలుగో కిక్కుకి స్టార్టయింది.